ఇంట్లో రాత్రి సీను: కొత్త లైటు కొనేముందు గదిలో ఉన్నవన్నీ ఆర్పేయండి

మీ ప్రశ్న క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను, తర్వాత చదివేవాళ్లకి పనికొస్తుంది. 10 బై 12 అడుగుల గది, లేతాకుపచ్చ గోడలు. రాత్రిపూట మంచం మీద తల్లి, కింద చాప మీద కొడుకు, మాటల సీను. మధ్యలో కరెంటు పోతుంది, తల్లి లాంతరు వెలిగిస్తుంది. మీ దగ్గర రెండు 60 వాట్ల ఎల్ఈడీ ప్యానెళ్లు, ఒక మిర్రర్‌లెస్ కెమెరా, ఎఫ్ 1.8 లెన్సు ఉన్నాయి. టెస్ట్ షూట్‌లో మొహాలు పాస్‌పోర్టు ఫొటోల్లా వచ్చాయి, గోడ మీద ఒక్కో మనిషికి రెండేసి నీడలు పడ్డాయి, చీకటి చోట్ల నాయిస్ (గింజగింజలుగా చుక్కలు) కనిపించింది. 300 వాట్ల లైటు కొనాలా అని అడిగారు. అదే గదిలో పొద్దుటి సీను ఎలా తీయాలన్నది రెండో ప్రశ్న.

కొనకండి. మీరు పెట్టిన ఫ్రేము చూశాను. వెలుగు చాలక చెడిన ఫ్రేము కాదది. ప్యానెళ్లు రెండూ కెమెరాకి చెరో పక్కన, మనిషి ఎత్తులో, మొహానికి సూటిగా నిలబడ్డాయి. రెండు చెంపల మీదా సమానంగా పడింది, ముక్కుకి నీడ లేదు, కంటి గుంటకి లోతు లేదు. మొహం దాటి వెళ్లిన వెలుగంతా వెనక గోడకి తగిలింది. అదే చోట 300 వాట్లు పెడితే ఇదే బొమ్మ ఇంకాస్త తెల్లగా వస్తుంది, అంతే.

యూనిట్‌లో లైట్‌మన్‌గా మొదలై ఇప్పుడు గ్యాఫర్‌గా, అంటే లైటింగ్ టీముకి పెద్దగా, చేస్తున్నాను. ఏ లొకేషన్‌కి వెళ్లినా స్టాండు విప్పకముందు డైరెక్టర్ని నేనడిగేది ఒకటే: ఈ గదిలో, ఈ వేళప్పుడు, వెలుగు ఎక్కణ్నుంచి వస్తుంది? దానికి జవాబు దొరికితే సగం లైటింగ్ అయిపోయినట్టే. దొరక్కపోతే ఎన్ని లైట్లు తెచ్చినా గది గదిలా ఉండదు.

మన మధ్యతరగతి ఇళ్లలో రాత్రి వెలుగంటే ట్యూబ్‌లైటు. నాలుగడుగుల పొడవు, ఒక గోడకి, గుమ్మం ఎత్తు కన్నా పైన. యూట్యూబ్ పాఠాల్లో కనిపించే నారింజ రంగు టేబుల్ ల్యాంపు మనలో ఎంతమంది ఇళ్లలో ఉంది? ప్రేక్షకుడికి పేరు పెట్టి చెప్పడం రాకపోయినా, ఈ ఇల్లు మా ఇంటిలా లేదని మాత్రం తెలిసిపోతుంది. ట్యూబ్‌లైటు ఏం చేస్తుందో ఓసారి గమనించండి. పైనుంచి, ఒక పక్కనుంచి వస్తుంది. నుదురు, ముక్కు దూలం, చెంప ఎముక వెలుగుతాయి. కళ్ల కింద కొంచెం నీడ, గడ్డం కింద మెడ మీద మెత్తటి నీడ. ఎదురు గోడ తెల్లగా ఉంటుంది, ట్యూబు కింద గోడ మాత్రం కిందికి వచ్చేకొద్దీ మసకబారుతుంది. మన రాత్రి రూపం ఇది. మీ సీను ఇక్కణ్నుంచే కట్టుకురావాలి.

సాయంత్రం చీకటి పడ్డాక ఆ గదిలోకి వెళ్లి అన్నీ ఆర్పేయండి. తర్వాత ట్యూబ్‌లైటు ఒక్కటే వేయండి. తల్లి పాత్ర వేసే ఆవిణ్ని మంచం మీద కూర్చోబెట్టి, కెమెరా పక్కన పెట్టి, ఉత్త కళ్లతో చుట్టూ తిరిగి మొహం చూడండి. ట్యూబు కింద నిలబడి చూస్తే మొహం చదునుగా కనిపిస్తుంది. ట్యూబుకి ఎదురుగా కాస్త పక్కకి వచ్చి చూస్తే అవతలి చెంప వెలుగులో ఉంటుంది, మీ వైపు చెంప నీడలో ఉంటుంది. కెమెరా చోటు అది. ఈ జవాబులో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి: కెమెరా వైపు చెంప నీడలో ఉండాలి, వెలుగు అవతలి చెంప మీద పడి ముక్కు దాటి ఇటు కొద్దిగా తొంగిచూడాలి. ఈ ఒక్క మార్పుతో మీ పాస్‌పోర్టు ఫొటో సమస్య చాలావరకు పోతుంది.

రెండోది, మంచం. ఫ్రేములో అది గోడకి ఆనించి ఉంది. ముందుకి లాగండి. లైటుకి దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. లైటు 8 అడుగుల దూరంలో ఉండి, మనిషి గోడకి ఒక అడుగు ముందు కూర్చుంటే, మొహం మీద ఎంత పడుతుందో గోడ మీదా దాదాపు అంతే పడుతుంది. తేడా స్టాపులో మూడో వంతు (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు కావడం, లేదా సగమవడం). అదే లైటుని 3 అడుగుల దగ్గరికి తెచ్చి, మనిషిని గోడకి 3 అడుగులు ముందుకి జరిపితే గోడ మీద వెలుగు నాలుగో వంతే, అంటే రెండు స్టాపులు తక్కువ. లైటు మార్చలేదు, వాట్లు మార్చలేదు, గోడ దానంతటదే చీకట్లోకి వెళ్లిపోయింది. గోడ మీది గట్టి నీడలు కూడా కిందికి జారి ఫ్రేము దాటిపోతాయి. చిన్న గదుల్లో తీసేవాళ్లు సామాను సర్దడం ఆర్ట్ డిపార్ట్‌మెంట్ పనని వదిలేస్తారు. నా లెక్కలో లైటింగ్‌లో మొదటి పని మంచం జరపడమే.

ఇక ఆ లేతాకుపచ్చ గోడలు. గోడకి తగిలి తిరిగొచ్చే వెలుగు గోడ రంగు పులుముకునే వస్తుంది. మీ ఫ్రేములో కొడుకు పాత్రధారి చెంప ఆకుపచ్చగా ఉండటానికి కారణం అదే, కెమెరాది కాదు, కలర్ గ్రేడింగ్‌తో పూర్తిగా పోయేదీ కాదు. మొహం సరిచేయబోతే చీర రంగు మారిపోతుంది. ఫ్రేములో కనపడని గోడలకి, ముఖ్యంగా కెమెరా వెనక వైపు, నల్ల గుడ్డ కట్టండి. బట్టల కొట్లో దొరికే మెరుపు లేని నల్ల కాటన్ చాలు. నీడ చెంప వైపు రెండు మూడడుగుల దూరంలో అదే గుడ్డ స్టాండుకి వేలాడదీస్తే ఆ చెంప ఇంకా లోతుకి వెళ్తుంది. యూనిట్‌లో లైటు ఎంత ముఖ్యమో కట్టరూ (వెలుగుకి అడ్డం పెట్టే పలక) నల్లగుడ్డా అంత ముఖ్యం. చిన్న గదిలో వెలుగు నింపడం చాలా తేలిక, దాన్ని ఆపడమే కష్టం.

ఇప్పుడు మొదటి ప్యానెల్. ట్యూబ్‌లైటు ఫ్రేములో కనపడని షాట్లలో ట్యూబు ఆర్పేసి, అది ఉన్న వైపునుంచి, అదే ఎత్తునుంచి ప్యానెల్ వెలుగు రావాలి. సూటిగా కొట్టకండి. స్టేషనరీ షాపులో దొరికే థర్మోకోల్ షీట్లు రెండు పక్కపక్కన టేపు వేసి, మనిషి తలకన్నా పైన, కొంచెం కిందికి వంచి కట్టండి. ప్యానెల్‌ని కింద స్టూలు మీద పెట్టి షీటు మీదికి కొట్టండి. అడుగు వెడల్పు లైటు ఇప్పుడు మీటరు వెడల్పు లైటయింది. నీడ అంచు మెత్తబడేది లైటు ఖరీదు వల్ల కాదు, మనిషి ఉన్న చోటునుంచి చూస్తే ఆ వెలుగు ఎంత పెద్దదిగా కనిపిస్తోందన్న దాన్నిబట్టి. అందుకే అదే షీటుని 10 అడుగుల దూరం జరిపితే మళ్లీ గట్టి నీడలు వచ్చేస్తాయి. ప్యానెల్ పక్కలనుంచి నేరుగా మొహం మీదికి కారే వెలుగుకి నల్ల చార్టు అడ్డం పెట్టండి. ఇంకో షీటు వెనక వైపు నల్లగా చేసి పెట్టుకుంటే తిప్పి కట్టరుగా వాడుకోవచ్చు. స్ప్రే పెయింట్ మాత్రం కొట్టకండి, థర్మోకోల్ కరిగిపోతుంది. నల్ల చార్టు అతికించండి, లేదా నీళ్లతో కలిపే రంగు వేయండి.

ఈ పద్ధతి చవక ఉపాయమని తక్కువగా చూడొద్దు. 1956లో వచ్చిన సత్యజిత్ రాయ్ సినిమా ‘అపరాజితో’ కోసం కాశీ ఇంటి ముంగిలి స్టూడియోలో సెట్ వేసినప్పుడు, నాలుగు గోడల మధ్య పైనుంచి దిగే ఆకాశపు వెలుగు రావడానికి కెమెరామన్ సుబ్రత మిత్ర సెట్ మీద తెల్ల గుడ్డ పరిపించి, లైట్లన్నీ దాని మీదికి కొట్టించాడు. అప్పటి స్టూడియో పద్ధతి మనిషి మీదికి సూటిగా స్పాట్లు వేయడం. ఆయన వెలుగు ఎక్కణ్నుంచి రావాలో ముందు ఆలోచించాడు, సామాను తర్వాత. మీ థర్మోకోల్ షీటు ఆ దారిలోదే.

షీటుకి కొట్టి వెనక్కి తెస్తే వెలుగు చాలదేమో అని మీకు అనుమానం రావచ్చు. లెక్క చూడండి. ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా సున్నితత్వం) 800, ఎఫ్ 2.8 (అంకె తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువ తెరుచుకుంటుంది), 1/50 షట్టర్ దగ్గర సుమారు 120 లక్సులుంటే (మీద పడే వెలుగుకి కొలత లక్సు) మామూలు ఎక్స్‌పోజర్ వచ్చేస్తుంది. ఎఫ్ 1.8 తెరిస్తే సుమారు 50 లక్సులు చాలు. నాలుగైదు అడుగుల దూరంలో ఉన్న షీటుకి 60 వాట్ల ప్యానెల్ కొడితే అంత వెలుగు మొహం మీదికి వస్తుంది. అందుకే 300 వాట్లు వద్దన్నాను.

మరి నాయిస్ ఎందుకొచ్చింది? రాత్రి కదా అని మొత్తం ఫ్రేమునే అండర్ ఎక్స్‌పోజ్ చేసి (తక్కువ వెలుగుతో తీసి), తర్వాత ఎడిట్‌లో పైకి లాగారు. రాత్రి అనిపించేది మొత్తం చీకటైతే కాదు, వెలిగిన చోటుకీ వెలగని చోటుకీ తేడా ఉంటే. వెలుగు చెంపకి సరైన ఎక్స్‌పోజర్ ఇవ్వండి. నీడ చెంప దానికన్నా రెండు స్టాపులు తక్కువ ఉండనివ్వండి, బాధ ఎక్కువున్న మాటల దగ్గర మూడు స్టాపులైనా తప్పులేదు. గోడలు ఇంకా కిందికి పోనివ్వండి. ఆ చీకటిని ఎడిట్‌లో తవ్వకండి. ఫ్రేములో ఎక్కడో ఒక నిజమైన తెలుపు ఉండాలి, అది కనిపిస్తేనే కన్ను మిగతాది రాత్రి అని ఒప్పుకుంటుంది. స్టీలు గ్లాసు అంచు మీది మెరుపైనా చాలు.

ట్యూబ్‌లైటు ఫ్రేములో కనపడే వైడ్ షాట్‌లో అది తెల్ల గీతలా పగిలిపోతుంది. అప్పుడు ట్యూబుకి కెమెరా వైపు మాత్రమే ఎన్‌డీ జెల్ (రంగు మార్చకుండా వెలుగు తగ్గించే పల్చటి షీటు) చుట్టండి, గోడ వైపు, కింది వైపు వదిలేయండి. జెల్ లేకపోతే బటర్ పేపరు రెండు మూడు పొరలు. పాత చోక్ ట్యూబైతే వెలుగులో ఆకుపచ్చ ఎక్కువ ఉంటుంది, ఒక్క వైడ్ షాట్ కోసం దాంతో కుస్తీ పట్టేకన్నా కొత్త ఎల్ఈడీ ట్యూబు బిగించడం సులువు.

అన్నిటికన్నా ముందు లైట్ల నాణ్యత పరీక్ష చేయండి. ఒక తెల్ల పళ్లెంలో కుంకుమ, పసుపు, ఒక తమలపాకు, పక్కన మీ అరచెయ్యి. పొద్దున నీడలో ఒకసారి తీయండి, తర్వాత ప్యానెల్ కింద తీయండి, రెండుసార్లూ తెల్ల కాగితం తెల్లగానే కనపడేలా కెమెరాలో వైట్ బ్యాలెన్స్ చేసి. నాసిరకం ఎల్ఈడీ కింద కుంకుమ ఇటుక రంగుకి తిరుగుతుంది, చెయ్యి నీరసించిన మనిషి చెయ్యిలా కనిపిస్తుంది. డబ్బా మీద సీఆర్ఐ (లైటు కింద రంగులు ఎంత సరిగ్గా కనిపిస్తాయో చెప్పే అంకె) 80 అనో 90 అనో రాసి ఉన్నా ఇలా జరగొచ్చు, ఎందుకంటే ఆ అంకె 8 లేత రంగుల సగటు. ముదురు ఎరుపు ఆ సగటులో లేదు, దాన్ని ఆర్9 అని విడిగా ఇస్తారు. మన ఒంటి రంగుకి ఆ ఎరుపే ప్రాణం. లైటు కొనేటప్పుడు వాట్లు తర్వాత చూడండి, ఆర్9 ముందు చూడండి.

ఒంటి రంగు గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. చామనఛాయ మొహం, నల్లటి మొహం కనపడాలంటే ఎక్కువ లైటు కొట్టాలని మన దగ్గర ఒక అలవాటు పాతుకుపోయింది. ఎదురుగా ఫిల్ (నీడని నింపే లైటు) పెంచేసి, పౌడరు రాసేసి, ఆ మనిషిని బూడిద రంగులోకి దించేస్తారు. నల్లటి చర్మం తన మీద పడిన వెలుగులో తక్కువ భాగాన్నే వెనక్కి పంపుతుంది, నిజమే. కానీ దాని మీద మెరుపు మాత్రం ఏ చర్మం మీదైనా వచ్చినట్టే వస్తుంది. ఆ మెరుపుతోనే మొహం గీయాలి. పెద్ద తెల్ల షీటు పక్కనుంచి, కొంచెం వెనకనుంచి కనపడేలా పెడితే దాని ప్రతిబింబం నుదుటి మీద, చెంప ఎముక మీద, ముక్కు పక్కన నెమ్మదిగా జారుతుంది. నీడ చెంప ఎంత చీకట్లో ఉన్నా మొహం ఆకారం మొత్తం తెలుస్తుంది. చిన్న లైటైతే అదే మెరుపు నూనె చుక్కలా ఒక్క చోట పేలుతుంది. మేకప్ అతనికి చెప్పి పౌడరు తగ్గించండి. మీ ఫ్రేములో తల్లి తెల్లగా, కొడుకు నల్లగా ఉన్నారు. ఇద్దరికీ ఒకే లైటైతే కొడుకుని షీటుకి దగ్గరగా కూర్చోబెట్టండి, తల్లి వైపు వెలుగుకి ఒక పొర నెట్ గుడ్డ అడ్డం పెట్టండి. పాత దోమతెర ముక్క చాలు. కొడుకు ఆవిడంత తెల్లగా కనపడాల్సిన పని లేదు, తన రంగులో తను స్పష్టంగా కనపడితే చాలు.

కొడుకు కింద కూర్చుని తల ఎత్తి మాట్లాడతాడు కాబట్టి అతని కళ్లలో షీటు మెరుస్తుంది. తల్లి తల దించి చూస్తుంది, ఆవిడ కళ్లు నీడలో పడతాయి. చాప మీద, ఫ్రేము బయట, ఒక తెల్ల తువ్వాలు పరిచి చూడండి. దాన్నుంచి లేచిన కొద్దిపాటి వెలుగు ఆవిడ కళ్లకి సరిపోతుంది. కళ్లకోసం విడిగా ఐ లైటు వేస్తే కెమెరా పక్కన ఇంకో మనిషి టార్చి పట్టుకున్నట్టు తెలిసిపోతుంది.

ఇక కరెంటు పోయే ఘట్టం. మీ స్క్రిప్టులో నాకు బాగా నచ్చింది ఇదే, కొంచెం ఓపిగ్గా చేస్తే సినిమా మొత్తానికి గుర్తుండిపోతుంది. రంగుల లెక్క ముందే వేసుకోండి. వైట్ బ్యాలెన్స్ 4300 కెల్విన్ దగ్గర పెట్టి సీనంతా కదపకండి (కెల్విన్ వెలుగు రంగుకి కొలత, అంకె తక్కువైతే నారింజ, ఎక్కువైతే నీలం). ట్యూబ్‌లైటు పని చేసే ప్యానెల్‌ని 5000 దగ్గర పెడితే కొంచెం చల్లగా, ట్యూబులాగే ఉంటుంది. వైడ్ షాట్‌లోని అసలు ట్యూబు సాధారణంగా 6500, అది ఇంకాస్త నీలంగా పడుతుంది. కట్ చేసినప్పుడు ఎగుడుదిగుడు కనపడకుండా ట్యూబుకి లేత సీటీఓ జెల్ (వెలుగుని నారింజ వైపు తిప్పే షీటు) ఒక పొర వేయండి. వంటింట్లో హోల్డరుకి మామూలు 9 వాట్ల వార్మ్ వైట్ బల్బు పెట్టండి, గుమ్మంలోంచి వెచ్చగా ఒక పట్టీ కనిపిస్తుంది, గదికి లోతు వస్తుంది. రెండో ప్యానెల్ కిటికీ బయట, 5600 దగ్గర, బాగా తగ్గించి మొదటినుంచీ వెలుగుతూనే ఉండాలి. కరెంటు ఉన్నంతసేపూ దాన్ని ఎవరూ గమనించరు. కరెంటు పోయాక గదిలో మిగిలేది అదొక్కటే. కరెంటు పోతే వీధి లైటు కూడా పోతుంది, కాబట్టి అది వెన్నెలే అవ్వాలి. నీలం మరీ ముదరనివ్వకండి. 1957 నాటి ‘మాయాబజార్’లో మార్కస్ బార్ట్లీ తీసిన వెన్నెలని తెలుగువాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు, అందులో అసలు రంగే లేదు. వెలుగు పడిన దిక్కుతో, వెలుగుకీ నీడకీ మధ్య తేడాతో మనం వెన్నెలని నమ్మాం.

మొదటి ప్యానెల్, వంటింటి బల్బు ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెట్టి ఒకే స్విచ్‌తో ఆర్పండి. వంటింటి హోల్డరు నుంచి వైరు లాగలేకపోతే ఇద్దరు మనుషులు, ఒకే కేక. కొన్ని ప్యానెళ్లు స్విచ్ కట్టేశాక అర సెకను నెమ్మదిగా ఆరతాయి, బ్యాటరీ ఉంటే అసలు ఆరవు, ముందే చూసుకోండి. ఫ్రేములో ఫ్యాన్ ఉంటే అది కూడా ఆగాలి. కరెంటు పోయిందని ప్రేక్షకుడికి చెప్పేది చీకటి ఎంతో, నెమ్మదించే ఫ్యాను కూడా అంతే. ఫ్యాన్ తిరిగే గదిలో సీలింగ్‌కి లైటు బౌన్స్ చేయకండి, రెక్కల నీడ మొహాల మీద కొట్టుకుంటుంది.

చీకటి పడిన వెంటనే అగ్గిపుల్ల గీయించకండి. నాలుగైదు సెకన్లు వెన్నెల అంచుల్లోనే ఇద్దరినీ ఉంచండి, కన్ను అలవాటు పడనివ్వండి. తర్వాత లాంతరు. మంట నిజమైనదే ఉండాలి, కానీ మొహం వెలిగించే పని దానికి ఒక్కదానికే అప్పగించకండి. మొహానికి సరిపడా ఎక్స్‌పోజర్ పెడితే మంట తెల్లగా పగులుతుంది. లాంతరు వెనక, కెమెరాకి కనపడకుండా, బ్యాటరీతో నడిచే చిన్న ఎల్ఈడీ ఒకటి తల్లి మొహం వైపు తిప్పి, నారింజ సీటీఓ జెల్ చుట్టి, బాగా తగ్గించి పెట్టండి. మంట రంగు 2000 కెల్విన్ దగ్గర ఉంటుంది, మీ 4300 బ్యాలెన్స్‌లో అది ముదురు నారింజగా కనిపిస్తుంది, చిన్న ఎల్ఈడీ కూడా దానికి దగ్గరగా ఉండేదాకా జెల్ వేయండి. లాంతరు నేల మీద పెడితే వెలుగు గడ్డం కిందినుంచి లేచి దెయ్యం సినిమా అయిపోతుంది. స్టూలు మీద, కూర్చున్న మనిషి ఛాతీ ఎత్తులో ఉంచండి. ఫ్లికర్ ఎఫెక్ట్ పెట్టే సౌకర్యం మీ లైటులో ఉన్నా ఈ సీనులో వాడొద్దు. చిమ్నీ ఉన్న లాంతరు మంట కొవ్వొత్తిలా ఊగదు.

షట్టర్ విషయం. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద నడిచే ట్యూబులు, చవక బల్బులు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతాయి. 24 ఫ్రేముల దగ్గర తీస్తున్నా షట్టర్ 1/50 పెట్టండి, షట్టర్‌ని డిగ్రీల్లో చూపించే కెమెరాలో 172.8 డిగ్రీలు. స్లో మోషన్ షాట్ ఏదైనా ఉంటే వంటింటి బల్బు కింద ముందే టెస్ట్ చేయండి, చాలా బల్బులు అక్కడ పట్టుబడతాయి.

కరెంటు జాగ్రత్త గురించి మీరు అడగలేదు, అయినా చెప్తాను. మీ ప్యానెళ్లతో ఏ ఇబ్బందీ లేదు. ఎవరైనా పాత టంగ్‌స్టన్ బేబీ (1000 వాట్ల సినిమా లైటు) ఒకటి తెచ్చిస్తామంటే మాత్రం ఆలోచించండి. 1000 వాట్ల లైటు 230 వోల్టుల మీద 4 ఆంప్స్ దాటి లాగుతుంది. 6 ఆంప్స్ సాకెట్ మీద రెండు పెడితే వైరు వేడెక్కుతుంది, పాత ఇళ్లలో లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే ఎంసీబీ కూడా ఉండకపోవచ్చు. 16 ఆంప్స్ పవర్ సాకెట్‌కే పెట్టాలి, ఎర్త్ పిన్ విరగ్గొట్టిన ప్లగ్ వాడకూడదు. ఎక్స్‌టెన్షన్ వైరు చుట్ట పూర్తిగా విప్పాలి. థర్మోకోల్, బటర్ పేపరు టంగ్‌స్టన్ దగ్గరికి రానివ్వకూడదు. ప్రతి స్టాండు కాలు మీద ఇసుక సంచి ఉండాలి, ఆ గదిలో అమ్మ వయసు ఆవిడ నడుస్తారు.

పొద్దుటి సీనుకి మీ ప్యానెళ్లు పనికిరావు, ఎండ ముందు 60 వాట్లు లెక్కలోకి రావు. కిటికీయే మీ లైటు. ముందు కిటికీ ఏ దిక్కుకి ఉందో, ఎండ ఏ వేళకి లోపల పడుతుందో షూటింగ్‌కి ముందు రోజు కూర్చుని చూసి రాసుకోండి. మనుషుల్ని కిటికీకి మూడడుగుల దగ్గరికి తీసుకురండి. రాత్రి చెప్పిన సూత్రమే ఇక్కడా: కెమెరా వైపు చెంప నీడలో. ఎండ నేరుగా పడుతుంటే కిటికీ బయట తెల్ల గుడ్డ కట్టండి, యూనిట్‌లో పెద్ద ఫ్రేముకి కట్టి వాడే స్కిమ్మర్ చేసే పని అదే. పాత తెల్ల పంచె చాలు. నీడ చెంప మరీ నల్లబడితే థర్మోకోల్, చదునైతే నల్ల గుడ్డ. వైడ్ షాట్లు ఎండ బాగున్న గంటలో ముందు తీసేయండి. క్లోజప్పులు తర్వాత తీసినా పంచె వెనకనుంచి వచ్చే వెలుగుతో కలుస్తాయి.

నేల మీద, లేదా గోడ మీద ఒక ఎండ చారిక కావాలనిపిస్తే అద్దం వాడండి. 1959 నాటి ‘కాగజ్ కే ఫూల్’లో పైనుంచి దిగే ఆ వెలుగు స్తంభం కోసం వి.కె. మూర్తి అద్దాలతో ఎండని స్టూడియో లోపలికి తిప్పాడు. మీ ఇంట్లో బీరువా పక్కన ఉండే నిలువుటద్దం పెరట్లో పెడితే కిటికీలోంచి చారిక సరిగ్గా ఎక్కడ కావాలంటే అక్కడ పడుతుంది. మొహం మీద మాత్రం పడనివ్వకండి, నటులు కళ్లు చికిలిస్తారు, సీను పోతుంది. సూర్యుడు గంటకి 15 డిగ్రీలు జరుగుతాడు కాబట్టి చారిక కూడా నిమిషాల్లో జరిగిపోతుంది. అద్దం దగ్గర ఒక మనిషిని ప్రత్యేకంగా ఉంచండి, మొదటి టేకు ముందు చారిక అంచు పడిన చోట గోడ మీద చిన్న టేపు ముక్క అతికించండి, ప్రతి టేకుకీ అతను దాన్ని అక్కడికే తెచ్చి పెట్టాలి.